తరుగు

యార్డుకి వేసవి సెలవులిచ్చిన మూడోరోజున
మిషన్ దిగింది.
బెజవాడలో ఎవరో కోచ్ వదిలించుకున్న పాతది.
తొమ్మిది వేలన్నాడు, ఎనిమిదిన్నరకి తెగింది.
చుట్టుగుంటలో మా రెండు గదుల వాటాలో
దానికి చోటివ్వడానికి
గ్రైండరు వరండాలోకి పోయింది.
మా ఆవిడ ఏమీ అనలేదు.
అనకపోవడం ఎంత తూగుతుందో నాకు తెలుసు,
పంతొమ్మిదేళ్లుగా కాటా గుమాస్తాని.

ఉజ్వలకి పద్నాలుగేళ్లు. టాప్‌స్పిన్ అంటుంది,
మూడు వారాలకోసారి గట్టు తెంపుతుంది.
రాకెట్ బస్సెక్కి బెజవాడ వెళ్లి
ఆరొందలు తిని రెండ్రోజులకి తిరిగొచ్చేది.
ఆ రెండ్రోజులూ పిల్ల
సందులో నిలబడి ఉత్త చేత్తో ఫోర్‌హ్యాండ్లు కొట్టేది,
పాలవాడు వంగి వెళ్లేవాడు.

ముందు నిలువులు. పదహారు.
నడిమి నుంచి మొదలెట్టి ఇటొకటి, అటొకటి.
ఒక పక్కనే లాగుకుంటూ పోతే ఫ్రేము మూతి వంకరపోతుందట.
కరెంటుతో పనిలేదు ఈ మిషన్‌కి.
కడ్డీకి ఇనపగుండు; తీగ పట్టించి వదిలితే
తన బరువుకి తానే దిగుతుంది.
కడ్డీ నేలకి సమంగా ఆగిందా, యాభై రెండు పౌండ్లు.
ఇంకా వాలిందా, ఎత్తి, పట్టు సవరించి, మళ్లీ.
ఇది నాకెవరూ నేర్పక్కర్లేదు.
ముల్లు నిలిచేదాకా ఊపిరి బిగబట్టడమే కదా
నా నెల జీతం.

అడ్డాలు వేరే చదువు.
ఒకదాని పైన, ఒకదాని కింద, ఒకదాని పైన.
సర్రున లాగితే నిలువు మీద గాడి పడుతుంది,
వేలూ కాలుతుంది.
పైగా నా గోళ్ల సందుల్లో మిరప ఘాటు
సెలవులిచ్చినా పోదు.
చెమట తుడుచుకున్నప్పుడల్లా కళ్లు మండి
పైనా కిందా ఒకటే అయ్యేవి.

కొన్ని రంధ్రాల్లో రెండు తీగలు దూరాలి.
ముందున్నది జరగనంటుంది.
టిక్కీలు కుట్టే సామ్రాజ్యం ఇంటికెళ్లాను దబ్బనం కోసం.
రాకెట్‌ని అటూ ఇటూ తిప్పి చూసి
"ఇంత జల్లెడకి ఇంత తిప్పలా గుమాస్తా గారూ" అంది.
దబ్బనం ఇవ్వబోయి ఆగి
మెట్టురాయి మీద దాని కొన అరగదీస్తూ కూచుంది.
"పదును గోనెకి. దీనికి మొండిదే మేలు.
పక్కకి జరగమని చెప్పాలిగానీ పొడవగూడదు."

పదకొండున్నరకి ఆఖరి ముడి.
నాలుగ్గంటలు పట్టింది, మధ్యలో ఒకసారి కరెంటు పోయింది,
మా ఆవిడ ఫోను లైటు పట్టుకుంది, అప్పుడూ ఏమీ అనలేదు.
ఉజ్వల లేచొచ్చి అరచేత్తో తట్టింది.
ఠంగుమంది.
తర్వాత మొహం దగ్గరగా పెట్టి చూసి
"పద్నాలుగో అడ్డం, నాన్నా" అంది.
రెండిటి మీదుగా దూకేసింది, ఒక్కచోట.
విప్పబోతే చెయ్యి పట్టుకుంది.
"రేపు ఆడి చూస్తా. పడుకో."

తెల్లారి తట్టి చూస్తే ఆ ఠంగు లేదు.
కాస్త మెత్తన, కాస్త కింది శ్రుతి.
ఎవరూ ముట్టుకోలేదు, బంతి తగల్లేదు,
గోడకి ఆనించి ఉంది, అంతే.
కొత్త గట్టు మొదటి రాత్రి సడలుతుంది, మామూలే అంది పిల్ల.

తరుగు.
ప్రతి సీజన్లో ఎవరో ఒక రైతు
నా బల్ల మీద చెయ్యానించి అడుగుతాడు,
ఇప్పుడే గదయ్యా తూచావు, తరుగెందుకని.
తేమ పోతుందండీ, మామూలే, అంటాను తలెత్తకుండా.
కళ్లెదుట పోయింది చూడ్డం మాత్రం ఇదే మొదలు.

సెలవులు అయ్యేలోపు
స్టేడియం నుంచి మరో ముగ్గురు పిల్లలు రాకెట్లు తెచ్చారు.
చీటీలు రాయడం చేతికి అలవాటే:
పేరు, బరువు, తరుగు.
మూడో గడి దగ్గర పెన్ను ఆగింది.
'తెల్లారాక' అని రాసి
తీగకి కట్టాను.